చెక్ భాష నడచివచ్చిన త్రోవ

చదువవలసిన భాగములు: నెహెమ్యా 13:23-27, అపొ. కార్యములు 2:1-11; 1 కొరింథీ 14:6-19

నెహెమ్యా గ్రంథపు చివరి అధ్యాయములోని ఒక సంగతి మన సంఘములలో తరచుగా చదువబడదు. యూదులు కొందరు అష్డోదు స్త్రీలను పెండ్లాడిరి. వారికి పుట్టిన పిల్లలలో సగముమందికి అష్డోదు మాటయే గాని యూదుల భాష రాకపోయెను. నెహెమ్యా ఆ తండ్రులతో వాదించి, కొందరిని కొట్టి, తలవెండ్రుకలు సహితము పెరికివేసెను. ఈ భాగముమీద ప్రసంగించుమనిన మాకు కొంచెము సంకోచమే. అయితే ఆరువందల సంవత్సరముల క్రిందట ప్రాగు పట్టణమందు ఒక బోధకుడు ఏమాత్రము సంకోచింపక దీనిని చేతపట్టుకొని తన జనులను గద్దించెను. ఆయన పేరు యాన్ హుస్. మన సంఘచరిత్ర పుస్తకములలో జాన్ హస్ అని కనబడును. ప్రాగువారు సగము చెక్ భాషయు సగము జర్మను భాషయు కలిపి మాటలాడుచున్నారు గనుక వీరును నెహెమ్యా చేతి దెబ్బలకు పాత్రులేయని ఆయన వ్రాసెను.

ఆయన ఎత్తిచూపిన మాటలు గొప్ప శాస్త్రపు మాటలు కావు, వంటింటి మాటలు. చేతులు తుడుచుకొను గుడ్డకు, వంటవేళ నడుమునకు కట్టుకొను గుడ్డకు, ఉడికించిన పిండి ఉండకు స్వంత పేర్లుండగా జర్మను పేర్లేలయని ఆయన కోపము. ఆ పిండి ఉండకు వారు జర్మను నుండి తెచ్చుకొన్న పేరు క్నెడ్లీక్. నేడు చెక్ దేశమునకు వెళ్లిన అతిథికి మొదట వడ్డింపబడునవి ఈ క్నెడ్లీకులే. ఆ పేరు ఒకప్పుడు పరాయిదని అక్కడి గృహిణులలో తలంచువారు అరుదు. అనగా ఈ ఒక్క మాట విషయములో హుస్‌గారు ఓడిపోయిరి. అయినను భాష చావలేదు. మరి ఆ భాషను చావువరకు తెచ్చినదేమి, బ్రదికించినదేమి? మన పిల్లల నోట ఇంగ్లీషు మాట వినబడిన ప్రతిసారి కలతపడు తలిదండ్రులు ఈ చరిత్ర నెరుగుట మేలని మా తలంపు.

చెక్ దేశము యూరపు ఖండము నడుమ సముద్రము తగులని దేశము. బొహేమియా, మొరేవియా అను ప్రాంతములు దానిలో ముఖ్యమైనవి. 1993లో స్లొవాకియానుండి వేరై ప్రత్యేక రాజ్యమైనది. ఆ భాష మాటలాడువారు సుమారు కోటిమంది. అది స్లావు భాషల కుటుంబములోనిది. పోలిష్, స్లొవాక్ భాషలు దానికి తోడబుట్టినవి, రష్యను కొంచెము దూరపు చుట్టము. సంస్కృతము కొంత చదివినవారికి ఆ భాష వ్యాకరణము వింతగా తోచదు. దానికి ఏడు విభక్తులున్నవి. పూర్వము ఏకవచన బహువచనములకు నడుమ ద్వివచనము కూడ ఉండెడిది. అది క్రమముగా పోయి, కన్నులు, చేతులు మొదలగు జంట అవయవముల మాటలలో మాత్రము దాని ఆనవాలు నిలిచియున్నది. ఉచ్చారణ కూడ మారినది. సుమారు పదమూడవ శతాబ్దములో పాత గకారము హకారమైనది. అందుచేతనే లోకమంతయు ప్రాగ్, ప్రాగా అనుచుండగా ఆ పట్టణస్థులు మాత్రము ప్రహా అందురు. ఇంకొక ధ్వని యున్నది. రకారము పలుకుచు నాలుక అదరుచుండగానే దానిలో జకారమువంటి ఊపిరి కలియును. చెక్ పిల్లలు అన్నిటికంటె చివరకు నేర్చుకొను ధ్వని అదియే.

ఇక చరిత్రకు వత్తము. 862లో మొరేవియా ప్రభువైన రాస్తిస్లావు, తన జనులకు వారి భాషలో బోధించువారిని పంపుమని కాన్‌స్టాంటినోపులు చక్రవర్తిని వేడుకొనెను. మరుసటి సంవత్సరము ఇద్దరు అన్నదమ్ములు బయలుదేరి వచ్చిరి. వారు కాన్‌స్టాంటైను, మెథోడియసు. కాన్‌స్టాంటైనునకే తరువాత సిరిల్ అని పేరు. వీరి ఊరు పౌలుగారు రెండు పత్రికలు వ్రాసిన థెస్సలొనీకయే. ఆ ఊరి చుట్టును స్లావులుండుటచేత ఆ భాష వీరికి చిన్ననాటినుండి వచ్చును. వ్రాతలేని ఆ భాషకు కాన్‌స్టాంటైను అక్షరములు కల్పించి, సువార్తలను తర్జుమా చేసెను. అది నేటి చెక్ భాష కాదు, దక్షిణపు స్లావుల మాట. అయినను ఆ కాలమున స్లావుల మాటలింకను ఎక్కువగా విడిపోలేదు గనుక మొరేవియావారికి అర్థమగుచుండెను. దీనిని ఓర్వనివారు కొందరు వెనీసు పట్టణములో ఆయనను చుట్టుముట్టి, సిలువమీది పైవిలాసము హెబ్రీ, గ్రీకు, లాటిను భాషలలో వ్రాయబడినది గనుక ఆ మూడు భాషలలోనే దేవుని స్తుతింపవలెనని వాదించిరి. ఆయన కొరింథీయుల మొదటి పత్రిక పదునాలుగవ అధ్యాయమును తెరచి వారికి ఉత్తరమిచ్చెను. తెలియని భాషలో చేసిన ప్రార్థనకు ఎదుటివాడు ఆమేన్ ఎట్లు చెప్పగలడని పౌలుగారడిగిన ప్రశ్న ఆ అధ్యాయములోనిదే.

సిరిల్ 869లో రోమునందు మరణించెను. మెథోడియసు 885లో గతించినంతనే ఆయన శిష్యులు మొరేవియానుండి వెళ్లగొట్టబడిరి. బొహేమియాలోని సాజవా మఠమున ఆ స్లావు ఆరాధన పదునొకండవ శతాబ్దములో కొంతకాలము నిలిచి అదియు ఆగిపోయినది. తరువాత దేవాలయములో లాటిను, వీధిలో చెక్, వర్తకుల నోట జర్మను. ఈ ఏర్పాటు చాలకాలము సాగినది.

అయినను పదునాలుగవ శతాబ్దమున ఆ భాషకు మంచి దినములు వచ్చినవి. చెక్ పద్యములో దేశచరిత్రలు వ్రాయబడినవి. నాలుగవ చార్లెసు రాజు 1348లో ప్రాగునందు విశ్వవిద్యాలయము స్థాపించెను. సుమారు 1360 ప్రాంతమున బైబిలంతయు చెక్ భాషలోనికి వచ్చెను. అంత త్వరగా సంపూర్ణ బైబిలును పొందిన యూరపు ప్రజాభాషలు బహు కొద్ది. ఆ తర్జుమాకు మిగిలిన వ్రాతప్రతులలో మిక్కిలి పాతదైన డ్రెస్డెను ప్రతి అయిదువందల యేండ్లకు పైగా నిలిచి, 1914లో బెల్జియము దేశపు లూవేను పట్టణము యుద్ధములో తగులబడినప్పుడు బూడిదయైపోయినది.

ఇప్పుడు హుస్‌గారియొద్దకు తిరిగి వత్తము. ప్రాగునందు 1391లో బేత్లెహేము మందిరమను ఒక ప్రార్థనాలయము స్థాపింపబడినది. ప్రజల భాషలో ప్రసంగములు జరుగవలెనన్నదే దాని ఉద్దేశము. మూడువేలమంది వరకు పట్టెడిదని చెప్పుదురు. 1402 మొదలు హుస్‌గారు అక్కడ బోధించిరి. కమ్మరి, నేతగాడు, పనికత్తె విని గ్రహించుటకు ఆయన మాట స్పష్టముగా ఉండవలసివచ్చెను; వ్రాసినప్పుడు అది అంత స్పష్టముగానే కనబడవలెను. చిక్కంతయు ఇక్కడనే.

లాటిను అక్షరములు లాటిను భాషకొరకు పుట్టినవి. చెక్ భాషలోని ధ్వనులు వానిలో ఇమడవు. ఈ చిక్కు తెలుగువారికి వేగముగా తెలియును. ‘ౘాలు’ అనునప్పటి చకారము వేరు, ‘చీమ’ అనునప్పటి చకారము వేరు గదా. అందుకే మన పాత పుస్తకములలో మొదటిదానికి చకారముమీద చిన్న గుర్తు వేసెడివారు. చెక్ భాషలోను ఈ రెండు ధ్వనులున్నవి. వ్రాయసగాండ్రు ఒక ధ్వనికి రెండేసి, ఒక్కొక్కప్పుడు మూడేసి లాటిను అక్షరములు చేర్చి, ఒక్కొకడు ఒక్కొక రీతిగా వ్రాసెడివారు. 1406కును 1412కును నడుమ పుట్టినదని యెంచబడు ఒక చిన్న లాటిను పుస్తకము దీనికి ఉపాయము చెప్పినది. అది హుస్‌గారి రచనయని సామాన్యముగా తలంతురు. ఉపాయమిది: ఒక ధ్వనికి ఒకే అక్షరము, మెత్తని ధ్వనికి ఆ అక్షరముమీదనే ఒక చుక్క, దీర్ఘమునకు ఒక చిన్న గీత. మన దీర్ఘమువలెనే ఆ గీత అర్థమును మార్చివేయును. ‘దల్’ అనగా ఇచ్చెను, ‘దాల్’ అనగా ఇంకను దూరముగా. చుక్క కాలక్రమమున చిన్న కొక్కెమైనది. ఈ గుర్తులను తరువాత స్లొవాకులు, క్రొయేషియనులు, స్లొవీనులు, లిథువేనియనులు, లాట్వియనులును తీసుకొనిరి. ఇంగ్లీషువారు మాత్రము ‘చెక్’ అను పేరును నేటివరకు ఆ పాత రీతినే, రెండు అక్షరములు జోడించి వ్రాయుచున్నారు.

హుస్‌గారు 1415 జూలై 6వ తేదీన కాన్‌స్టాన్సు పట్టణములో సజీవదహనము చేయబడిరి. ఆ చెరసాలనుండి తన జనులకు చెక్ భాషలోనే ఉత్తరములు వ్రాసిరి. ఆయన వెంబడి నడచినవారిని ద్వేషించిన ఏనియస్ సిల్వియసు, అనగా తరువాత రెండవ పయసను పేర పోపైన యాయన, ఆ జనుల స్త్రీలకు పాత క్రొత్త నిబంధనలు ఎంత బాగుగా తెలియునో ఒప్పుకొనక తప్పలేదు. శత్రువు సాక్ష్యము గనుక దీనికి బలమెక్కువ.

1457లో కున్వాల్డు అను పల్లెలో సహోదరుల సమాజము ఏర్పడినది. మొదట వారు పెద్ద చదువులకు దూరముగా ఉండిరి. తరువాత వారిలో యాన్ బ్లహొస్లావు అను విద్వాంసుడు లేచి, 1564లో క్రొత్త నిబంధనను గ్రీకునుండి తర్జుమా చేసెను. 1571లో, తాను మరణించిన సంవత్సరమే, చెక్ వ్యాకరణమును ముగించెను. ఆయన అడుగుజాడలలో సహోదరులు బైబిలంతటిని హెబ్రీ గ్రీకు మూలములనుండి తర్జుమా చేయ పూనుకొనిరి. హెబ్రీ విషయమున సహాయపడినవారిలో బాప్తిస్మము పొందిన యూదుల కుటుంబమువాడైన లుకాష్ హెలిత్స్ ఒకడు. ముద్రణయంత్రము మొరేవియాలోని క్రాలిత్సె అను గ్రామమున, ఒక ప్రభువు కోటలో, మరుగుగా నడిచెను. 1579 మొదలు 1594 లోపల ఆ బైబిలు ఆరు భాగములుగా వెలువడెను. పుటల అంచులలో వివరణలు నిండియుండెను. ఇంత పెద్ద పుస్తకము పేదవాడు కొనలేడని కాబోలు, 1596లో వివరణలు తీసివేసి ఒకే సంపుటముగా చిన్నదానిని వేసిరి. 1613లో మరల ముద్రించిరి. దీని పేరు క్రాలిత్సె బైబిలు. ఒక పల్లెటూరి పేరు ఒక జాతి భాషకు కొలమానమైనది.

సుమారు ఏడేండ్లకే తుఫాను వచ్చెను. 1620 నవంబరు 8న ప్రాగు దగ్గర తెల్లకొండయను చోట ప్రొటెస్టంటు ప్రభువుల సైన్యము ఓడిపోయెను. మరుసటి సంవత్సరము జూను 21న ఇరువదియేడుగురు పెద్దలు ప్రాగు నడివీధిలో చంపబడిరి. 1627లో వచ్చిన క్రొత్త శాసనము కథోలిక మతమును తప్ప వేరొకదానిని ఒప్పుకొనలేదు. జర్మను భాషకు చెక్ భాషతో సమానమైన స్థానమిచ్చెను. సమానమే గదా యని తోచవచ్చును. అధికారి జర్మను మాటలాడువాడై, క్రొత్త భూస్వామి జర్మను మాటలాడువాడై యుండగా, కాగితముమీది సమానత్వము ఎంతకాలము నిలుచును? వేలకొలది కుటుంబములు దేశము విడిచిపోయినవి. చదువుకొన్నవారు పోయిరి, అచ్చుయంత్రములు పోయినవి. 1729లో కొనియాష్ అను జెస్యూట్ గురువు నిషిద్ధ గ్రంథముల పట్టికను ప్రకటించి, ఇల్లిల్లు వెదకి పుస్తకములు కాల్పించుచుండెను. వంటింటి మాటలు కలియుటవలన కాదు, ఇట్లు బడియు పుస్తకమును ప్రసంగపీఠమును ఒక్కటొక్కటిగా తొలగుటవలన ఆ భాష క్షీణించినది.

దేశము విడిచినవారిలో సహోదరుల చివరి అధ్యక్షుడు యాన్ ఆమోస్ కొమెన్‌స్కీ (1592-1670) యుండెను. కొమేనియసు అను పేర ఉపాధ్యాయులందరు ఆయనను ఎరుగుదురు. బిడ్డ మొదట తన తల్లిభాషలోనే చదువవలెననియు, లాటిను తరువాతననియు ఆయన బోధించెను. 1650లో ఆయన వ్రాసిన చిన్న పుస్తకములో సహోదరుల సమాజము మరణించుచున్న తల్లియై తన బిడ్డలకు ఆస్తి పంచిపెట్టును. ఆ ఆస్తిలో తల్లిభాషమీది ప్రేమ ఒకటి. ఆయన నలుబది యేండ్లకు పైగా కూర్చిన చెక్ నిఘంటువు 1656లో పోలండులోని లెష్నో పట్టణము కాలిపోయినప్పుడు దగ్ధమైనది. ఆయన దానిని జీవితాంతము మరువలేదు. మరణించినది హాలండులో.

ఇక్కడ న్యాయముగా ఒక మాట చెప్పవలెను. ఆ రెండు శతాబ్దములు చెక్ భాషకు కటిక చీకటియని ప్రొటెస్టంటులు వ్రాయుట కద్దు. అది పూర్తిగా నిజము కాదు. కథోలిక గురువులును పల్లెలలో చెక్ భాషలోనే ప్రసంగించిరి, కీర్తనల పుస్తకములు అచ్చువేసిరి. బోహుస్లావ్ బల్బీన్ (1621-1688) అను జెస్యూట్ తన మాతృభాషను సమర్థించుచు గ్రంథము వ్రాసెను. పాపము, దానినాయన లాటినులో వ్రాయవలసివచ్చెను, అచ్చయినది 1775లో. కథోలికులు 1677 మొదలు 1715 వరకు వెలువరించిన బైబిలు కూడ క్రాలిత్సె తర్జుమానుండి చాల గ్రహించినది. శత్రువుల పుస్తకమైనను మంచి భాష మంచి భాషయే.

రహస్యముగా సువార్త విశ్వాసమును కాపాడుకొన్న పల్లెవారికి పుస్తకములు వెలుపలి నుండి దొంగతనముగా రావలసియుండెను. జర్మనీలోని హాలె పట్టణమున 1722లో చెక్ బైబిలు అచ్చయినది. దాని భాష క్రాలిత్సె భాషయే. తెలుగు చదువరులు ఈ ఊరిపేరును జ్ఞాపకముంచుకొనవలెను. మద్రాసులో పనిచేసి 1743లో స్వదేశమునకు తిరిగి వెళ్లిన బెంజమిన్ షుల్జుగారు 1746, 1747 సంవత్సరములలో తెలుగు ప్రశ్నోత్తరముల పుస్తకమును మరి కొన్ని చిన్న పుస్తకములను అచ్చువేయించినది ఆ హాలె పట్టణమందే. తెలుగులో మొదట అచ్చయినవిగా పండితులు వీనినే చెప్పుదురు. బొహేమియా రైతుకును తెలుగువానికిని ఒకే ఊరినుండి పుస్తకములు వచ్చినవి.

1781లో రెండవ జోసెఫు చక్రవర్తి ప్రొటెస్టంటులకు ఆరాధనా స్వేచ్ఛ కొంత ఇచ్చెను. ఆ చక్రవర్తియే 1784లో కార్యాలయముల భాష జర్మను అనెను. ఒక చేత ఇచ్చుట, ఒక చేత తీసికొనుట. అప్పటికి చెక్ భాష సేద్యగాండ్రదియు సేవకులదియు. యోసెఫ్ దొబ్రొవ్‌స్కీ అను కథోలిక గురువు 1809లో దానికి సమగ్రమైన వ్యాకరణము వ్రాసెను, అదియు జర్మనులో. ఏ చెక్ భాషను ప్రమాణముగా తీసికొనవలెనను ప్రశ్న వచ్చినప్పుడు, ఆయన చూచినది రెండువందల యేండ్లనాటి క్రాలిత్సె కాలపు భాషవైపే. యోసెఫ్ యుంగ్‌మన్ 1834 మొదలు 1839 వరకు అయిదు సంపుటముల నిఘంటువు ప్రకటించెను. శాస్త్రమునకు మాటలు చాలనప్పుడు తోడి స్లావు భాషలనుండి తెచ్చుకొనిరి. గాలికి నేడు చెప్పు ‘వ్జ్దుఖ్’ అను మాట రష్యను నుండి వచ్చినది.

ప్రేమ అత్యధికమైనప్పుడు కన్ను మసకబారును. 1817, 1818 సంవత్సరములలో బహు ప్రాచీనమైన చెక్ కావ్యముల ప్రతులు దొరికినవని గొప్ప సంభ్రమము కలిగెను. వానిని బయటపెట్టినవారిలో ముఖ్యుడైన హాంకాయే వానిని కల్పించెనని నేడు పలువురి నమ్మకము. రెండవది దొంగదని దొబ్రొవ్‌స్కీ చెప్పగా, స్వజనులే ఆ వృద్ధుని నిందించిరి. 1886లో గెబౌర్, మసారిక్ అను ఆచార్యులు మరల ఆ సంగతి ఎత్తి, అబద్ధముమీద జాతి గౌరవము కట్టరాదనిరి. వారికిని తిట్లే దొరికినవి. ఆ మసారిక్‌గారే 1918లో చెకొస్లొవాకియా మొదటి అధ్యక్షుడైరి.

పాత భాషను ప్రమాణముగా తీసికొనుటవలన ఒక నష్టము కూడ వచ్చినది. దీనిని దాచుట మాకు ఇష్టము లేదు. పుస్తకము పదునారవ శతాబ్దమున నిలిచియుండగా నోరు ముందుకు సాగిపోయెను. పాలను పుస్తకములో ‘మ్లేకో’ అని వ్రాసి, ఇంటిలో ‘మ్లీకో’ అందురు. కిటికీని ‘ఒక్నో’ అని వ్రాసి, ప్రాగు వీధిలో ‘వొక్నో’ అందురు. మన పల్లెలలో ‘ఒకటి’ని ‘వొకటి’ అనుటయు ఇట్టిదే గదా! గిడుగు రామమూర్తి పంతులుగారు వాదించినది ఇటువంటి యెడమునుగూర్చియే. మన బైబిలు భాషకును పొలములో కలుపుతీయు తల్లి భాషకును మధ్య ఎంత దూరమో, ఆదివారము వాక్యము చదివిన తరువాత దానిని మరల ఇంటిమాటలో చెప్పవలసిన ప్రతి సేవకుడు ఎరుగును. స్లొవాకు లూథరనులైతే తమ స్వంత భాష వేరైనను దేవాలయములో క్రాలిత్సె భాషనే తరతరములు వాడిరి. 1843లో ల్యుదొవీత్ ష్టూర్ స్లొవాకు భాషకు ప్రత్యేక వ్రాతను ఏర్పరచిన తరువాతను ఆ అలవాటు ఇరువదియవ శతాబ్దమువరకు పోలేదు. బేత్లెహేము మందిరములో ప్రజల నోటిమాటకొరకు మొదలైన పని, చివరకు ప్రజల నోటికి అందని భాషగా కొందరికి మిగిలినది. అందుకే 1979లో పలు సంఘములవారు కూడి నేటి చెక్ భాషలో సంపూర్ణ బైబిలు ప్రకటించిరి. క్రాలిత్సె బైబిలును ప్రేమించువారు దానిని విడువలేదు, రెండును చదువబడుచున్నవి.

ఇరువదియవ శతాబ్దపు సంగతులు చాల యున్నవి, రెండు చాలును. చెక్ భాషలో ‘రోబొతా’ అనగా వెట్టిచాకిరి. 1848లో అది రద్దాయెను. 1920లో కారెల్ చాపెక్ వ్రాసిన నాటకములో మనుష్యులకు బదులు వెట్టిచేయు కల్పిత జీవులకు ఆ మాటనుండి పేరు పెట్టబడెను. మన పిల్లలు నోరార పలుకు ‘రోబో’ అదియే. రెండవది దుఃఖకరము. 1939 నవంబరు 17న నాజీలు చెక్ విశ్వవిద్యాలయములను మూసివేసిరి. యుద్ధము ముగిసిన తరువాత, 1945, 1946 సంవత్సరములలో, ఆ దేశమున తరతరములుగా నివసించిన సుమారు ముప్పదిలక్షల జర్మను భాషీయులు వెళ్లగొట్టబడిరి. హుస్‌గారు వంటింటి మాటలమీద కోపించిరి. ఈసారి మాటలు నిలిచినవి, మనుష్యులు పోయిరి.

క్రాలిత్సె కోట శిథిలమైపోయినది. 1950ల చివర పురావస్తు శాస్త్రజ్ఞులు అక్కడ త్రవ్వగా, మంటిలోనుండి సీసపు అచ్చు అక్షరములు వేలకొలది బయటపడినవి. అవి నేడు ఆ గ్రామములోని చిన్న ప్రదర్శనశాలలో ఉన్నవి.